భాస్వరం లెక్క తేల్చిన మన సుబ్బారావు

డి విటమిన్ పరీక్ష రాయించుకోవడానికి వచ్చేవారు ఈమధ్య మా ఓపీలో బాగా పెరిగారు. ఒళ్లునొప్పులని కొందరు, నీరసమని కొందరు వస్తారు. కొన్నేళ్లుగా మరో రకం వాళ్లూ కనిపిస్తున్నారు. డి విటమిన్ తగ్గితే గుండెపోటు వస్తుందని ఎవరో చెప్పగా విని, ముందే చూపించుకుందామని వచ్చేవారు వీళ్లు. అవసరమనిపించిన వారికి ఆ పరీక్షతో పాటు రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్ కూడా చూడమని రాస్తాం. రిపోర్టు రాగానే అందరి కళ్లూ డి విటమిన్ అంకె మీద, తర్వాత కాల్షియం మీద పడతాయి. ఫాస్ఫరస్ వరుసను పట్టించుకునేవారు తక్కువ. ఆ వరుస వెనుక మన పొరుగు మనిషి ఒకరున్నారు. విజయవాడలో రైలెక్కి గుడివాడ, కైకలూరు, ఆకివీడు దాటితే వచ్చే భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు పేరు వినని తెలుగు ఇల్లు ఉండకపోవచ్చు. ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు, క్యాన్సర్ మందు అని పిల్లలు కూడా గడగడా చెప్పేస్తారు. గుండెతో ఆయనకున్న సంబంధం గురించి మాత్రం మనం అంతగా మాట్లాడుకోం. గుండె కండరం ఏ ఇంధనంతో కొట్టుకుంటుందో తేల్చినవారిలో ఆయన ఒకరు. డి విటమిన్ లోపాన్ని రక్తంలో పట్టుకోవడానికి వైద్యులకు దొరికిన తొలి నమ్మకమైన సాధనాల్లో ఒకటి ఆయన చేతి పనే. చివరికి 53 ఏళ్లకే ఆయన ప్రాణం తీసింది కూడా గుండెపోటే.

కాశీకి పారిపోయిన కుర్రవాడు

తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో పనిచేసి, అనారోగ్యంతో ముందుగానే ఉద్యోగం వదులుకున్నారు. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల సంసారం. చేతిలో డబ్బు ఆడని ఇల్లు. సుబ్బారావుకు చదువు మీద ధ్యాస తక్కువ, డబ్బు సంపాదించాలన్న యావ ఎక్కువ. పదమూడేళ్ల వయసులో, యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని బతకవచ్చని కాశీకి బయల్దేరాడు. దారిలోనే దొరికిపోయాడు. తల్లి నగలమ్మి మరీ రాజమండ్రికి పంపి చదివించిందని చెబుతారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. అదీ మద్రాసు ట్రిప్లికేన్‌లోని హిందూ హైస్కూలు నుంచి. పదో తరగతిలో మార్కులు తగ్గాయని పిల్లల్ని పట్టుకుని కుమిలిపోయే తల్లిదండ్రులు మా దగ్గరికి బీపీతో వస్తుంటారు. వాళ్లకు నేను ఈ సంగతి చెబుతుంటాను.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ ముగించాక మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చులో కొంత స్నేహితులు, కొంత తర్వాతి రోజుల్లో మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి భరించారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో సుబ్బారావు పెళ్లి జరిగింది. అవి గాంధీగారి పిలుపుకు కుర్రకారు ఊగిపోతున్న రోజులు. ఆపరేషన్ థియేటర్లో వేసుకునే బట్టల్ని కూడా సుబ్బారావు ఖద్దరుతోనే కుట్టించుకున్నారు. శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ఆచార్యుడికి అది రుచించలేదు. పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. ఎల్.ఎం.ఎస్. అనే చిన్న పట్టాతో బయటికొచ్చారు. దాంతో మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసు తలుపులు మూసుకుపోయాయి.

ఆ కుటుంబాన్ని ఈలోగానే మరో దెబ్బ కొట్టింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాతో చనిపోయారు. జబ్బు స్ప్రూ. నెలల తరబడి విరేచనాలు, నోటిపూత, రక్తహీనత. మనిషి కళ్లముందే కట్టెపుల్లలా అయిపోతాడు. పేగు లోపలి పొర దెబ్బతినడంతో తిన్న తిండిలో సారం ఒంటికి పట్టదు. ముఖ్యంగా ఫోలిక్ యాసిడ్, బి12 రక్తంలోకి చేరవు. కొవ్వు జీర్ణం కాదు కాబట్టి కొవ్వులో కరిగే ఎ, డి విటమిన్లూ విరేచనాల్లోనే పోతాయి. ఆ రోజుల్లో ఇవేవీ ఎవరికీ తెలియవు. సుబ్బారావుకు కూడా ఆ జబ్బు సోకింది. ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. తర్వాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరారు. ఇద్దరు తోడబుట్టినవాళ్లను మింగిన జబ్బు ఏమిటో తెలుసుకోవాలన్న పట్టుదల అక్కడి నుంచే ఆయన వెంట నడిచింది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారి సాయం కూడబెట్టుకుని ఓడెక్కారు. 1923 అక్టోబరు ఆఖరులో బోస్టన్‌లో దిగారు. ఇంటి దగ్గర శేషగిరమ్మ గర్భవతి. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు ఏడాది నిండకముందే కన్నుమూశాడు. చదువు ముగించుకుని వస్తానన్న మనిషి మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. మన పత్రికల్లో ఆయన గురించి రాసేటప్పుడు ఈ భాగాన్ని గబగబా దాటేస్తాం. ఆ దంపతులు మళ్లీ ఒకరినొకరు చూసుకోలేదు.

నీలం రంగులో తేలిన నిజం

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల విభాగంలో చేరారు గానీ, చదువుకు తోడు కడుపు నిండే దారి కావాలి. పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రిపూట వార్డు పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. ఆ ఆసుపత్రి పేరు గుర్తుంచుకోండి, దానితో మనకు మళ్లీ పని పడుతుంది. డిప్లొమా అయ్యాక బయోకెమిస్ట్రీలో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధకుడిగా చేరారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని, రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి.

అంతకుముందు పద్ధతులు లేకపోలేదు. రంగు నిలిచేది కాదు, కొలత మాటిమాటికీ మారేది. సుబ్బారావు, ఫిస్కే 1925లో ప్రకటించిన పద్ధతిలో ఫాస్ఫేట్‌ను మాలిబ్డేట్‌తో కలిపి, మరో రసాయనంతో దాన్ని నీలం రంగుకు తిప్పుతారు. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. చవకైనది, తేలికైనది. ఎంబీబీఎస్ మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి చేయకుండా గడిచిన వైద్య విద్యార్థి ఉండడు. టెస్ట్‌ట్యూబులో నీలం విచ్చుకుంటుంటే, ఆ రెండో పేరు మన భీమవరానిదని మాలో మాకే గొప్పగా ఉండేది. ఈరోజు యంత్రాలు వచ్చి కొలిచే తీరు మారినా, మూలంలో ఫాస్ఫేట్, మాలిబ్డేట్ చర్య అదే.

ఈ పద్ధతి వచ్చిన సమయం చూడండి. అమెరికా ఉత్తరాది నగరాల్లో ఎందరో పిల్లలు రికెట్స్‌తో కాళ్లు వంకరపోయి ఉన్న రోజులవి. చలికాలమంతా ఎండ మొహం చూడని పిల్లలు వాళ్లు. కాడ్ చేప కాలేయపు నూనెలో రికెట్స్‌ను మాన్పే పదార్థం ఏదో ఉందని మెకాలమ్ బృందం 1922లో నిరూపించింది. ఆ పదార్థానికే డి విటమిన్ అని పేరొచ్చింది. ఆహారం మీద అతినీలలోహిత కిరణాలు పడితే అందులోనూ ఆ గుణం పుడుతుందని 1924లో స్టీన్‌బాక్ చూపించారు. ఇక్కడే కొలత అవసరం పడింది. రికెట్స్ ఉన్న బిడ్డ రక్తంలో ఫాస్ఫరస్ పడిపోతుంది. మందు పనిచేస్తుంటే మళ్లీ లేస్తుంది. డి విటమిన్‌ను నేరుగా రక్తంలో కొలవడం అప్పటికి ఊహకే అందదు. అందువల్ల ఆ నీలం రంగే వైద్యుడికి కన్ను అయింది. మూత్రపిండాల జబ్బుల్లో, పారాథైరాయిడ్ గ్రంథి జబ్బుల్లో కూడా అదే దారి చూపింది.

డి విటమిన్ చేసే అసలు పని కూడా ఇందులోనే ఉంది. చర్మం కింద కొలెస్ట్రాల్‌కు దగ్గరి చుట్టమైన ఒక పదార్థం ఉంటుంది. ఎండలోని ఒక రకం కిరణాలు తగలగానే అది డి విటమిన్‌గా మారుతుంది. కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో మరోసారి మెరుగుపడి హార్మోనులా పనిచేస్తుంది. పేగుల నుంచి కాల్షియాన్ని, ఫాస్ఫరస్‌ను రక్తంలోకి లాగడం దాని ముఖ్యమైన పని. కాల్షియం సంగతి అందరికీ తెలుసు. గుండె ప్రతిసారీ ముడుచుకోవాలంటే కండరపు కణంలోకి కాల్షియం రావాలి. ఫాస్ఫరస్ దేనికో చెప్పింది మళ్లీ సుబ్బారావే.

గుండె తినే కూడు

కొలిచే సాధనం చేతికి రాగానే ఫిస్కే, సుబ్బారావు పిల్లి కండరంలో ఫాస్ఫరస్ వెతకడం మొదలుపెట్టారు. కొలతలో ఏదో తేడా కొడుతోంది. ఫాస్ఫరస్ ఒక పదార్థంతో అంటుకుని ఉండి, కండరం పనిచేసినప్పుడు విడిపోతోంది, విశ్రాంతి తీసుకున్నప్పుడు మళ్లీ అంటుకుంటోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. కండరానికి శక్తి ల్యాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని అప్పటి శాస్త్రవేత్తలు గట్టిగా నమ్మేవారు. ఆ కృషికి 1922 నోబెల్ బహుమతి కూడా హిల్, మేయర్‌హాఫ్‌లకు వచ్చింది. ఆ సిద్ధాంతం పునాదులు కదలడానికి ఫాస్ఫోక్రియాటిన్ ఒక ముఖ్య కారణమైంది. 1929లో ఏటీపీ దొరికింది. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది అదే కనుగొన్నారు, ప్రకటించడంలో ఆయన కాస్త ముందున్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది.

ఏటీపీ అంటే ఒంటికి చిల్లర డబ్బు అనుకోండి. అన్నం, నూనె, పప్పు ఏది తిన్నా చివరికి ఆ చిల్లరగా మారితేనే కణం ఖర్చు పెట్టుకోగలదు. అందులో మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి, ఒకటి తెగినప్పుడు శక్తి బయటికి వస్తుంది. ఫాస్ఫోక్రియాటిన్ పక్కనే ఉంచుకున్న గల్లాపెట్టె. చిల్లర అయిపోగానే అది నింపుతుంది. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకునే గుండెకు ఎక్కడా సెలవు లేదు. మూడొందల గ్రాముల బరువున్న ఆ కండరం రోజంతా కలిపి సుమారు 6 కిలోల ఏటీపీని ఖర్చు చేసి, మళ్లీ తయారు చేసుకుంటుంది. తన బరువుకు ఇరవై రెట్లు. గుండె బలహీనపడి నీరు పట్టిన రోగుల్లో ఈ గల్లాపెట్టె సగం ఖాళీగా కనిపిస్తుంది.

ఫాస్ఫరస్ మరీ పడిపోతే గుండె కండరం నీరసపడుతుందని ఐసీయూలో పనిచేసేవారికి అనుభవమే. చాలా రోజులు తిండి లేక మాడి, ఒక్కసారిగా సెలైన్లు, గ్లూకోజు ఎక్కించుకున్నవారిలో, మద్యం బాగా అలవాటున్నవారిలో, షుగరు విపరీతంగా పెరిగి ఇన్సులిన్ పెట్టాల్సి వచ్చినవారిలో ఇది జరుగుతుంది. ఫాస్ఫేట్ సరిదిద్దితే గుండె మళ్లీ పుంజుకుంటుంది. అక్కడ రక్త పరీక్షలో ఆ అంకె చూడకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

హార్వర్డ్‌లో ఇంత చేసినా సుబ్బారావుకు శాశ్వత పదవి దక్కలేదు. తన పేరు ముందుకు తోసుకునే మనిషి కాదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు మారారు, కొద్దికాలానికే అక్కడి పరిశోధనకు అధిపతి అయ్యారు. తర్వాతి ఎనిమిదేళ్లలో ఆ ప్రయోగశాల నుంచి వచ్చినవి వింటే ఒక మనిషి జీవితంలో ఇన్ని పట్టాయా అనిపిస్తుంది.

ఫోలిక్ యాసిడ్ ముందు కాలేయం నుంచి తీశారు, 1945లో కృత్రిమంగా తయారు చేశారు. గర్భిణుల రక్తహీనతలో ఈస్ట్ సారంలో ఏదో మందు ఉందని బొంబాయిలో లూసీ విల్స్ ఏనాడో గుర్తించారు. ఆ మందు ఏమిటో ఇప్పుడు చేతికొచ్చింది. క్యూబా, ప్యూర్టోరికోల్లో టామ్ స్పైస్ ఆ మాత్రల్ని స్ప్రూ రోగులకిస్తే, మంచం పట్టినవారు లేచి కూర్చున్నారు. పురుషోత్తం, కృష్ణమూర్తి పోయిన జబ్బుకు మందు దొరికింది.

1947లో వచ్చిన హెట్రజాన్ గురించి కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. కాలవ గట్ల వెంట బోదకాళ్లతో నడిచే మనుషులు లేని ఊరు ఒకప్పుడు ఉండేది కాదు. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి ఎదురుగా మింగించే డీఈసీ మాత్ర అదే. ఫోలిక్ యాసిడ్‌కు వ్యతిరేకంగా పనిచేసే అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు కొంతకాలమైనా ఊరట చూపించారు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి ఈ మాత్ర వాడేవారు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. దాంతో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా అదే ప్రయోగశాల బిడ్డ కావడం విశేషం. 1948 జూలైలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ లోకానికి పరిచయమైంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. ఆ పరిశోధనకూ సుబ్బారావే సారథి.

1948

ఆ తర్వాతి నెలలోనే, ఆగస్టు రెండో వారంలో ఒక రాత్రి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. గుండెపోటు. 53 ఏళ్లు.

వైద్యుడిగా ఆ ఏడాది నాకు వింతగా తోస్తుంది. బోస్టన్‌కు పడమట ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరుంది. గుండెపోటు ఎవరికి, ఎందుకు వస్తుందో తేల్చడానికి ఆ ఊరివాళ్లను ఏళ్ల తరబడి గమనించే పరిశోధన సరిగ్గా 1948 అక్టోబరులో మొదలైంది. సుబ్బారావు పోయిన రెండు నెలలకు. 5,209 మందితో మొదలుపెట్టారు. బీపీ, కొలెస్ట్రాల్, పొగ తాగడం అనే మాటలు గుండెతో ముడిపడింది ఆ ఊరి రికార్డుల వల్లే. సుబ్బారావు కాలంలో నడివయసు మగవాళ్లు ఉన్నట్టుండి కుప్పకూలడం విధిరాత అనుకునేవారు. బీపీ కొలిచినా తగ్గించే సరైన మాత్ర లేదు, స్టాటిన్ లేదు, స్టెంట్ లేదు. ప్రయోగశాలలో రాత్రింబవళ్లు గడిపే మనిషిని ఆపి బీపీ చూపించుకోమని చెప్పడానికి తగిన జ్ఞానమే అప్పటికి లేదు.

ఆ ఫ్రామింగ్‌హామ్ వాసుల పిల్లల తరంలో 1,739 మంది రక్తంలో డి విటమిన్ చూసి, ఐదేళ్లకు పైగా వెంటాడారు. 2008లో ఫలితం వచ్చింది. డి విటమిన్ 15 నానోగ్రాముల కన్నా తక్కువున్నవారికి గుండెజబ్బులు, పక్షవాతం లాంటివి సుమారు 60 శాతం ఎక్కువగా వచ్చాయి. ప్రపంచమంతా గోల మొదలైంది ఇక్కడి నుంచే. గుండె కణాల్లో డి విటమిన్ తగులుకునే గ్రాహకాలు ఉన్నాయనీ, అది లోపిస్తే బీపీ పెంచే రెనిన్ ఎలుకల్లో పెరుగుతోందనీ అప్పటికే తెలుసు. రెండూ కలిపి, డి మాత్ర మింగితే గుండె భద్రం అన్న ప్రచారం జోరుగా సాగింది.

మాత్ర మింగించి చూడాలిగా. ఆ పని చేసింది బోస్టన్‌లోని బ్రిగామ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి. సుబ్బారావు రాత్రుళ్లు మూత్రపాత్రలు కడిగిన పీటర్ బెంట్ బ్రిగామ్ మరో రెండు ఆసుపత్రులతో కలిసి 1980లో ఈ పేరు పెట్టుకుంది. 50 దాటిన మగవాళ్లు, 55 దాటిన ఆడవాళ్లు మొత్తం 25,871 మందిని తీసుకున్నారు. సగం మందికి రోజూ 2,000 యూనిట్ల డి3, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర. ఐదేళ్లు దాటాక 2018 చివర్లో లెక్క తీశారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం కలిపి డి విటమిన్ తీసుకున్నవారిలో 396, తీసుకోనివారిలో 409. తేడా లేనట్టే. మొదట్లోనే డి విటమిన్ తక్కువగా ఉన్నవారిని విడిగా చూసినా ఫలితం మారలేదు.

మరి ఫ్రామింగ్‌హామ్ లెక్క తప్పా? తప్పు కాదు. ఒళ్లు బాగా ఉన్నవారిలో డి విటమిన్ కొవ్వులోకి చేరి రక్తంలో తగ్గుతుంది. మంచానపడ్డవారు, ఆయాసం వల్ల గడప దాటనివారు ఎండకు పోరు. వాళ్లకు గుండెపోట్లూ ఎక్కువే. డి విటమిన్ తగ్గడం చాలామందిలో జబ్బు మనిషికి గుర్తు. గుర్తును సరిచేసినంత మాత్రాన జబ్బు పోదు. సుబ్బారావు ఫోలిక్ యాసిడ్‌కూ ఇదే అనుభవం ఎదురైంది. రక్తంలో హోమోసిస్టీన్ ఎక్కువున్నవారికి గుండెజబ్బు ఎక్కువని తేలింది, ఫోలిక్ యాసిడ్ ఇస్తే హోమోసిస్టీన్ తగ్గుతుంది. 2006లో 5,522 మంది మీద జరిగిన పెద్ద పరీక్షలో ఆ అంకె తగ్గింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు.

మన దగ్గర సంగతి

ఇంత ఎండ కాసే ఊళ్లో డి విటమిన్ లోపమేమిటని అడుగుతారు. 2007లో తిరుపతి స్విమ్స్ వైద్యులు పట్టణంలోను, చుట్టుపక్కల పల్లెల్లోను ఆరోగ్యంగా ఉన్నవారిని పరీక్షించి ప్రకటించిన ఫలితం చూస్తే ఆ అనుమానం తీరుతుంది. పల్లెవాసులకు పట్నంవారికన్నా నయం, అయినా రెండుచోట్లా లోపం విరివిగా ఉంది. తిండిలో కాల్షియం తక్కువ. ధాన్యాల్లో ఉండే ఫైటేట్ ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టి ఉంచుతుంది. మొగల్రాజపురంలోనో పటమటలోనో అపార్టుమెంటులో ఉండి, కారులో ఆఫీసుకెళ్లి, చీకటిపడ్డాక ఇల్లు చేరేవారి ఒంటికి సూర్యుడు తగిలేది ఎప్పుడు? మన చర్మపు రంగుకు ఎండలో మరికాస్త ఎక్కువసేపు ఉండాలి. పైగా తెల్లవారి లేత ఎండలో డి విటమిన్ తయారు చేసే కిరణాలు దాదాపు ఉండవు. పదిగంటలు దాటిన ఎండలో ముఖం, చేతులు, కాళ్లకు తగిలేలా ఓ ఇరవై ముప్ఫై నిమిషాలు, వారంలో కొన్నిసార్లు ఉంటే చాలామందికి పనవుతుంది.

అయితే ఈ సలహా కార్తీకం నుంచి మాఘం దాకా బాగుంటుంది. రోహిణి కార్తెలో బెజవాడ మధ్యాహ్నం మేడెక్కి డి విటమిన్ కోసం నిలబడమని గుండె రోగికి ఎవరూ చెప్పకూడదు. నీరు తగ్గే మాత్రలు వేసుకునేవారు వడదెబ్బకు ముందు బలవుతారు. వారు కావాలంటే మాత్ర వేసుకోవచ్చు. పెద్దలకు రోజుకు 600 యూనిట్లు చాలునని ఐసీఎంఆర్ 2020లో చెప్పింది. గుడ్డు పచ్చసొన, బందరు తీరం నుంచి వచ్చే కవళ్ల లాంటి నూనె చేపలు కొంత ఇస్తాయి. కొల్లేటి చెరువుల చేపలో మాంసకృత్తులు మంచివే, డి విటమిన్ కోసం దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కాల్షియానికి పాలు, పెరుగు, రాగులు.

గుండెకు డి విటమిన్ నిజంగా ప్రాణావసరం అయ్యేది పసిబిడ్డల్లో. తల్లిలో లోపముంటే పాలల్లోకీ అది రాదు. బిడ్డ రక్తంలో కాల్షియం దారుణంగా పడిపోయి గుండె ఉబ్బిపోతుంది. పాలు తాగుతూ చెమటలు పట్టడం, డొక్కలు ఎగరేయడం, ఫిట్స్ దాని లక్షణాలు. ఆగ్నేయ ఇంగ్లండ్‌లో ఇలాంటి 16 మంది పసివాళ్ల గురించి 2008లో వైద్యులు రాశారు. అందరూ భారతీయ, ఆఫ్రికా మూలాలున్న కుటుంబాల పిల్లలే. సమయానికి కాల్షియం, డి విటమిన్ ఇచ్చిన బిడ్డల గుండె కొన్ని నెలల్లో మామూలు పరిమాణానికి వస్తుంది. పెద్దల గుండెజబ్బుల్లో ఇంత చక్కగా నయమయ్యేది అరుదు. అందుకే పుట్టిన తొలి ఏడాది రోజూ 400 యూనిట్ల చుక్కలు వేయమని పిల్లల వైద్యులు పట్టుబడతారు. బిడ్డ బొద్దుగా ఉన్నాడని చుక్కలు మానేయకండి.

రెండో చివర అతి. 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ మామూలుగా వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలిచ్చి ఆపుతాం, లేదా నెలకొకటికి తగ్గిస్తాం. చీటీ మీద వారానికి అన్న మాట కనిపించక రోజూ కలుపుకుని తాగేవారు, ఏళ్ల తరబడి దుకాణంలో అడిగి కొనుక్కునేవారు, మోకాళ్ల నొప్పికి దానికి తోడు ఇంజెక్షన్లు పొడిపించుకునేవారు ఉన్నారు. డి విటమిన్ నీళ్లలో కరిగి పోయేది కాదు, ఒంట్లో నిలవ ఉంటుంది. కాల్షియం పెరిగిపోయి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మతి తప్పడం, మూత్రపిండాల్లో రాళ్లు, గుండె లయ తప్పడం దాకా వెళుతుంది. డిగాక్సిన్ వాడే గుండె రోగులకు మరీ ప్రమాదం. ప్యాకెట్లు రాయించుకున్నప్పుడు ఎప్పుడు ఆపాలో కూడా అడిగి చీటీ మీద రాయించుకోండి. ఏ జబ్బూ లేని పెద్దలు ఊరికే డి విటమిన్ పరీక్ష చేయించుకోనవసరం లేదని అమెరికా హార్మోన్ వైద్యుల సంఘం 2024లో చెప్పింది. ఎముకలు మెత్తబడ్డవారు, మూత్రపిండాల రోగులు, ఫిట్స్ మాత్రలు వాడేవారు, పేగుజబ్బులున్నవారు మాత్రం చేయించుకోవాలి. అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న సుబ్బారావు లాంటి ఇళ్లలో మిగిలినవారికి ఈరోజైతే ఆ పరీక్ష రాసేవాళ్లం.

నాకు అన్నిటికన్నా భయం వేసేది మరొకటి. బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర రసాయనాలని పక్కన పెట్టి, విటమిన్ సహజమని దాన్నే పట్టుకున్నవారు. 53 ఏళ్లకు నిద్రలోనే పోయిన సుబ్బారావుకు ఆ మాత్రలు దొరికే వీల్లేదు. మీ ఇంటి పక్కనున్న ఆరోగ్య కేంద్రంలో బీపీ మాత్ర ఉచితంగా ఇస్తారు. మీ ఇంట్లో పెద్దవారెవరైనా డి ప్యాకెట్లు మొదలుపెట్టి ఆ మాత్ర మానేసి ఉంటే, ఈ వారంలోనే తీసుకెళ్లి బీపీ చూపించండి.